‘లివింగ్ ఇన్ క్లిప్’: ఆనీ డిఫ్రాంకో స్వతంత్ర ప్రస్థానాన్ని వినిపించే జంట సీడీ

అమెరికన్ గాయని ఆనీ డిఫ్రాంకో పాటలను కొత్తగా వినాలనుకునేవారు ఏ రికార్డుతో మొదలుపెట్టాలని అడిగితే, ఆమె స్టూడియోలో చేసిన ఇరవైకి పైగా ఆల్బమ్‌లలో ఒక్కదాని పేరూ నేను ముందు చెప్పను. 1997లో వచ్చిన ‘లివింగ్ ఇన్ క్లిప్’ అనే రెండు సీడీల కచేరీ రికార్డింగు పేరు చెబుతాను. స్టూడియో ఆల్బమ్‌లలో మంచివి లేవని దీని అర్థం కాదు. ఒక పెద్ద కంపెనీ అండ లేకుండా, తన పాటల మీద హక్కును ఎవరికీ రాసివ్వకుండా, ఊరూరా తిరుగుతూ పాడి బతికిన ఒక మనిషి జీవితం ఎలా ఉంటుందో చెవితో తెలుసుకోవడానికి ఇంతకంటే నమ్మదగిన రికార్డు నాకు కనిపించలేదు. ముప్పైకి మించిన ట్రాకులు, సుమారు రెండు గంటల సంగీతం, మధ్యమధ్య ఆమె మాటలు, నవ్వులు, ప్రేక్షకుల కేకలు అన్నీ కలిసిన ఈ సీడీల జత గురించి వివరంగా రాయడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ముందుగా ఆమె ఎవరో కొంత చెప్పుకోవాలి. డిఫ్రాంకో 1970లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫలో నగరంలో పుట్టారు. నయాగరా జలపాతానికి దగ్గరగా, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ఊరు ఒకప్పుడు ఉక్కుకూ ధాన్యం గిడ్డంగులకూ పేరు పొంది, తర్వాత పరిశ్రమలు మూతపడి చితికిపోయింది. తొమ్మిదేళ్ల వయసులో గిటార్ పట్టిన ఆమెకు ఆ ఊరి జానపద గాయకుడు మైఖేల్ మెల్‌డ్రమ్ తొలి మార్గదర్శకుడయ్యాడు, చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమెను తనతో పాటు వేదిక ఎక్కించాడు. పదిహేనేళ్లకే చట్టప్రకారం తల్లిదండ్రుల సంరక్షణ నుంచి విడివడి సొంతంగా బతకడం మొదలుపెట్టిన డిఫ్రాంకో, ఆ తర్వాత న్యూయార్క్ నగరం చేరి న్యూ స్కూల్ అనే విశ్వవిద్యాలయంలో కవి సెకూ సుండియాటా దగ్గర కవిత్వ పాఠాలు విన్నారు. 1990లో తొలి ఆల్బమ్‌ను క్యాసెట్‌గా విడుదల చేసేటప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆ క్యాసెట్ కోసం ఆమె పెట్టుకున్న చిన్న సంస్థే కాలక్రమంలో ‘రైచస్ బేబ్ రికార్డ్స్’ అయింది.

అప్పటి పద్ధతి ప్రకారం, పేరు రావాలంటే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం కుదుర్చుకోవాలి. కంపెనీ అడ్వాన్స్ ఇస్తుంది, కానీ ఆ అడ్వాన్స్‌నూ, రికార్డింగు ఖర్చునూ, సాధారణంగా వీడియో ఖర్చులో కొంత భాగాన్నీ గాయకుడికి రావలసిన రాయల్టీలోంచే మినహాయించుకుంటుంది. అవి తీరేదాకా కళాకారుడి చేతికి రాయల్టీ రాదు, తీరిన తర్వాత కూడా అసలు రికార్డింగులు, అంటే మాస్టర్లు, చాలావరకు కంపెనీ సొత్తుగానే ఉండిపోతాయి. డిఫ్రాంకో ఈ దారిని కాదనుకున్నారు. కళాశాలలు ఉన్న ఊళ్లలో, కాఫీ హోటళ్లలో, జానపద సంగీతోత్సవాల్లో పాడి, పాట అయిపోయాక అక్కడే క్యాసెట్లు అమ్మారు. కొన్నవాళ్లు స్నేహితులకు కాపీలు చేసి ఇచ్చారు, ఆ కాపీలు విన్నవాళ్లు తర్వాతి కచేరీకి టిక్కెట్టు కొన్నారు. స్త్రీల సంగీతాన్ని అమ్మడానికే ఏర్పడిన చిన్న పంపిణీ సంస్థలు ఆమె రికార్డులను దుకాణాలకు చేర్చాయి. దాదాపు ఏడాదికొక ఆల్బమ్ చొప్పున తెచ్చుకుంటూ, 1996లో ‘డైలేట్’ వచ్చేనాటికి ఆమె పెద్ద కంపెనీలే వెంటపడే స్థాయికి చేరారు, వాటికీ లొంగలేదు. ‘లివింగ్ ఇన్ క్లిప్’ ఈ ఏడేళ్ల తిరుగుడు చివర వచ్చింది. అందుకే ఇందులో ఆమె తొలి క్యాసెట్ పాటల నుంచి అప్పటికి స్టూడియోలో ఇంకా రికార్డు చేయని పాట దాకా అన్నీ దొరుకుతాయి.

ఆల్బమ్ పేరు శబ్ద సాంకేతికుల పరిభాషలోంచి వచ్చింది. యాంప్లిఫయర్ మోయగలిగినదానికి మించిన శబ్దాన్ని దానికి పంపితే, తరంగపు శిఖరాలు తెగిపోయి ధ్వని బొంగురుపోతుంది, దాన్నే క్లిప్ కావడం అంటారు. వేదిక మీద ఆమె యంత్రాలు ఎప్పుడూ ఆ అంచునే పనిచేస్తుంటాయన్నది పేరులోని భావం. ఇది గొప్పకు పెట్టుకున్న పేరు కాదని మొదటి సీడీ మొదటి పది నిమిషాల్లోనే రుజువవుతుంది.

ముందు ఆ గిటార్ గురించి చెప్పాలి. ఒంటి గిటార్‌తో పాడే అమెరికన్ గాయకులంటే మృదువుగా తీగలు మీటుతూ కళ్లు మూసుకుని పాడేవారన్న ఊహతో వినడం మొదలుపెట్టినవారికి ఇక్కడ పెద్ద ఆశ్చర్యమే ఎదురవుతుంది. డిఫ్రాంకో కుడిచేతి వేళ్లకు ప్లాస్టిక్ గోళ్లు అంటించి, అవి ఊడకుండా విద్యుత్ పనివాళ్లు వాడే టేపు చుట్టి వాయిస్తారు. ఆ గోళ్లతో ఆమె తీగను మీటడంతో ఆగక దాన్ని లాగి వదులుతారు, చెక్కమీద కొడతారు, మోగుతున్న స్వరాన్ని అరచేత్తో ఠక్కున నొక్కేసి ఆ నిశ్శబ్దాన్నే తాళంగా మారుస్తారు. శ్రుతిని కూడా పాటకో రకంగా మార్చుకుంటారు. దానివల్ల కింది తీగలు మంద్రంలో గుమ్మంటూ మోగుతుంటే పై తీగలు విడిగా మరో కథ చెబుతుంటాయి. ‘గ్రావెల్’ అనే పాట వినండి. వదిలి వెళ్లినవాడు మోటార్‌సైకిల్ మీద తిరిగి వస్తున్నాడు, కంకర దారిమీద చక్రాల చప్పుడు వినబడింది, ఆమెకు కోపమూ ఉంది, లొంగిపోయే గుండే ఉంది. ఈ రెండింటి మధ్య నలిగే మనసును మాటలు చెప్పే లోపే గిటార్ చెప్పేస్తుంది, ఎందుకంటే ఆ వేళ్ల పరుగు ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. ఈ పాట స్టూడియో రూపం మరుసటి ఏడాది ‘లిటిల్ ప్లాస్టిక్ కాసిల్’లో వచ్చింది. కచేరీ రూపంతో పోల్చినప్పుడు అది చక్కగా దువ్వి కూర్చోబెట్టినట్టు వినబడుతుంది, నా ఓటు మాత్రం దువ్వని రూపానికే.

ఆమె పక్కన ఉన్నది ఇద్దరే. డ్రమ్స్ మీద ఆండీ స్టోచాన్‌స్కీ, బాస్ గిటార్ మీద సారా లీ. ‘గ్యాంగ్ ఆఫ్ ఫోర్’ వంటి బృందాల్లో వాయించి వచ్చిన సారా లీ బాస్ ఈ పాటలకు నడుం బిగించిన నడక ఇచ్చింది. స్టోచాన్‌స్కీ అప్పటికే ఏళ్ల తరబడి డిఫ్రాంకోతో కలిసి తిరిగినవాడు. గిటారే సగం డప్పు పని చేస్తున్నప్పుడు తాను ఎక్కడ వాయించకూడదో అతనికి తెలుసు. ‘షై’ పాటలో ముగ్గురూ ఒకరినొకరు తోసుకుంటూ వెళ్లి చివరికి ఒకే దెబ్బ మీద ఆగే తీరు వింటే, ముగ్గురు మనుషులు ఇంత శబ్దం చేయగలరా అనిపిస్తుంది. గ్రామీ పురస్కారాలకు ఉత్తమ రాక్ గాయని విభాగంలో ఈ ‘షై’ కచేరీ రూపమే నామినేషన్ పొందింది. జానపద గాయనిగా లెక్కవేసిన మనిషికి రాక్ విభాగంలో చోటు దక్కడం, ఆమె ఏ అరలోనూ ఇమడదని పరిశ్రమ ఒప్పుకోవడమే.

ఈ సీడీల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది రెండో భాగంలోని ‘బోత్ హ్యాండ్స్’. ఇది ఆమె తొలి ఆల్బమ్‌లో మొట్టమొదటి పాట. తెగిపోతున్న ఒక ప్రేమబంధం చివరి రోజుల గురించి, ఖర్చు లేకుండా, ఒక గిటార్, ఒక గొంతుతో 1990లో రికార్డయింది. ఇక్కడ అదే పాటను ఆమె తన సొంత ఊరి బఫలో ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో కలిసి పాడారు. ‘అమేజింగ్ గ్రేస్’ అనే పాత భక్తిగీతం కూడా ఆ ఆర్కెస్ట్రా తోడుతోనే ఉంది. ఆర్కెస్ట్రా తోడైనప్పుడు చాలామంది గాయకుల పాటలు ఊబకాయం వచ్చినట్టు బరువెక్కి కదలలేకపోతాయి. ఇక్కడ అలా జరగలేదు, ఎందుకంటే ఆర్కెస్ట్రా వచ్చినా గిటార్ తన చోటు వదులుకోలేదు. వయొలిన్లు మెల్లగా లేచి, గొంతు చెప్పకుండా వదిలిన దుఃఖాన్ని పూరించి, మళ్లీ వెనక్కి తగ్గుతాయి. క్యాసెట్ అమ్ముకుంటూ ఊరు దాటిన అమ్మాయి ఏ కంపెనీకీ తాకట్టు పడకుండా తిరిగి వచ్చి, తన ఊరి ఆర్కెస్ట్రా ముందు నిలబడి, తన మొదటి పాటనే పాడిందని తెలిసి వింటే, ఆ వయొలిన్ల శబ్దంలో ఆ ఊరి గర్వం కూడా వినబడుతుంది.

దీనికి పూర్తిగా భిన్నమైనది ‘జాయ్‌ఫుల్ గర్ల్’. ఈ పని ఎందుకు చేస్తున్నావని అడిగేవారికి ఆమె చెప్పుకున్న జవాబు అది. సంతోషం కోసం చేస్తున్నానని, ప్రపంచం తనకేమీ బాకీ లేదని, మనమే ఒకరికొకరం ప్రపంచమంత బాకీ ఉన్నామని చెప్పే ఆ పాటను ఆమె గొంతు పెంచకుండా, దాదాపు తనలో తాను చెప్పుకున్నట్టు పాడతారు. నినాదాలతో లేచే హాలు ఆ నాలుగైదు నిమిషాలు పూర్తిగా ఒదిగిపోతుంది. పెద్ద కంపెనీతో ఒప్పందం చేసుకుని, వచ్చినదానితో తృప్తి లేక ఇంకా ఇంకా కావాలని వెంపరలాడే కళాకారుణ్ని ఉద్దేశించిన ‘నెపోలియన్’ను దీని పక్కన పెట్టి వినాలి. ఒకటి ఆమె ఎంచుకున్న దారికి కారణం చెబుతుంది, రెండోది ఎంచుకోని దారి ఎలా ఉంటుందో కోపంగా చూపిస్తుంది. మొదటి సీడీలో ఈ రెండు పాటలూ ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. ఆ కూర్పు యాదృచ్ఛికమని నేను అనుకోను.

పాటల మధ్య మాటల విషయానికి వస్తే, ఈ సీడీలు విన్నవారిలో అభిప్రాయభేదం ఎక్కువగా కనిపించేది ఇక్కడే. డిఫ్రాంకో పాటకూ పాటకూ మధ్య చాలా మాట్లాడతారు. ప్రయాణపు ముచ్చట్లు చెబుతారు, శ్రుతి సరిచేసుకుంటూ సరదాగా ఏదో అంటారు, ఉన్నట్టుండి పగలబడి నవ్వుతారు, ప్రేక్షకుల్లోంచి ఎవరో అరిస్తే దానికి బదులిస్తారు. ‘ట్రావెల్ టిప్స్’ లాంటి చోట మాటలకే ఒక ట్రాకు కేటాయించారు. పెద్ద సంస్థలో ఏ నిర్మాత చేతిలో పడినా ఈ భాగాలన్నీ కత్తిరించి, చప్పట్లను పాట చివర కొన్ని క్షణాలకు కుదించి, ఒకే సీడీలో సర్దేసేవాడు. రికార్డు ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న వినేవారి చెవిదాకా వచ్చేది సరిగ్గా ఈ చోట్లలోనే. బుర్రకథ విన్నవారికి ఈ అనుభవం కొత్త కాదు. కథకుడు పాట ఆపి, వంతలతో రెండు మాటలాడి, ఊరి సంగతి ఒకటి దొర్లించి మళ్లీ తంబురా అందుకున్నప్పుడే కదా ఆ పాట మన ఊరి పాట అవుతుంది. అయితే ఆమె ఇంగ్లీషు వేగం మామూలు వేగం కాదు. పాటల్లోనే మాటలు ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి, ముచ్చట్లలో ఆ వేగం మరింత పెరుగుతుంది. బడిలో ఇంగ్లీషు నేర్చుకున్న మనలాంటి శ్రోతలకు మొదటి వినికిడిలో సగం చేజారుతుంది. సాహిత్యాన్ని ముందు ఒకసారి చదువుకుని వింటే పాటలు తేటపడతాయి, ముచ్చట్లు మాత్రం రెండు మూడు సార్లు విన్నాకే అందుతాయి.

పాటల సాహిత్యం గురించి ఒక హెచ్చరిక కూడా అవసరం. ఆమె ప్రేమ గురించి రాస్తే ఏ మగవాడి గురించి, ఏ స్త్రీ గురించి రాస్తున్నారో దాచరు. గర్భస్రావం గురించి తొలి ఆల్బమ్‌లోనే పాట రాశారు. ‘లెటర్ టు ఎ జాన్’లో మగవాళ్ల ఒడిలో కూర్చుని నాట్యం చేసి బతికే స్త్రీ గొంతుతో మాట్లాడతారు. ‘టిప్‌టో’, ‘నాట్ సో సాఫ్ట్’ వంటి చోట్ల గిటార్ పక్కన పెట్టి కవితనే చదువుతారు. ‘అన్‌టచబుల్ ఫేస్’ పల్లవిలో ఉన్న బూతుమాట ఇంట్లో అందరి ముందూ గట్టిగా పెట్టుకుని వినదగినది కాదు. కానీ మనసిచ్చిన మనిషి మరొకరితో ఉండగా చూసి, తిట్టాలనీ ఏడవాలనీ ఒకేసారి అనిపించే ఆ స్థితికి ఆ మాట తప్ప వేరే మాట అతకదని పాట ముగిసేసరికి అర్థమవుతుంది. స్త్రీ కోపం, కోరిక, సిగ్గులేనితనం, జాలి అన్నీ ఒకే గొంతులోంచి, ఎవరి అనుమతీ లేకుండా రావడాన్ని 1990లలో లక్షల మంది అమ్మాయిలు తమ సొంత గొంతుగా విన్నారు. హాలులో వినబడే ఆ కేకల్లో చాలావరకు ఆడగొంతులే కావడానికి అదే కారణం.

లోపాలు కూడా ఉన్నాయి. వేర్వేరు ఊళ్లలోని వేర్వేరు హాళ్ల నుంచి తెచ్చిన రికార్డింగులు గనుక, ఒక పాట చిన్న గదిలో జరిగినట్టూ తర్వాతిది పెద్ద మైదానంలో జరిగినట్టూ ప్రతిధ్వని మారిపోతుంటుంది. ఇయర్‌ఫోన్లతో వినేటప్పుడు ఈ తేడా ఎక్కువగా తగులుతుంది. కొన్ని నెమ్మదైన పాటల్లో ప్రేక్షకుల అరుపులు ఆమె గొంతు మీదికి వచ్చేస్తాయి. రెండో సీడీ చివరి మూడోవంతు కొంచెం సాగినట్టు అనిపిస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఆమె ఒక్కరే గిటార్‌తో నిలబడిన తొలి రోజుల ఒంటరి ధ్వని ఇందులో తక్కువ. 1990 నాటి తొలి ఆల్బమ్‌లోని, 1991 నాటి ‘నాట్ సో సాఫ్ట్’లోని ఆ పలుచని, పదునైన ధ్వనిని ఇష్టపడేవారికి ఈ ముగ్గురి బృందపు గర్జన కాస్త ఎక్కువగానే తోచవచ్చు.

ఈ ఆల్బమ్ అమెరికా రికార్డింగు పరిశ్రమ సంఘం నుంచి, భారీ అమ్మకాలకు ఇచ్చే గోల్డ్ గుర్తింపు పొందింది. మరుసటి ఏడాది వచ్చిన ‘లిటిల్ ప్లాస్టిక్ కాసిల్’ అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే ఆల్బమ్‌ల పట్టిక బిల్‌బోర్డ్ 200లో 22వ స్థానం దాకా వెళ్లింది. సొంత సంస్థ నుంచి, సొంత నిబంధనల మీద వచ్చిన రికార్డుకు ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. పత్రికలన్నీ అప్పుడు ఆమె వ్యాపార దక్షత గురించే రాశాయి. ‘మిస్’ అనే స్త్రీవాద పత్రిక కూడా, ఒక్కో ఆల్బమ్ మీద ఆమెకు మిగిలే సొమ్ము పెద్ద కంపెనీల చేతిలో ఉన్న ప్రసిద్ధ బృందాలకు మిగిలేదానికంటే ఎక్కువని మెచ్చుకుంటూ రాసింది. డిఫ్రాంకో దానికి సంతోషించకపోగా ఆ పత్రికకు బహిరంగ లేఖ రాసి, తాను చేసే సంగీతాన్ని వదిలి తన లెక్కలను మెచ్చుకోవడం మీద బాధపడ్డారు. పాటలు రాసే మనిషిగా, సంగీతం చేసే మనిషిగా, కథలు చెప్పే మనిషిగా తనను గుర్తుపెట్టుకోవాలని కోరారు. ఆ లేఖ చదివాక ఆమె స్వాతంత్ర్యం గురించి డబ్బు లెక్కలతో మొదలుపెట్టి మాట్లాడటం నాకు సరికాదనిపించింది, అందుకే ఈ సమీక్షలో గిటార్ ముందు వచ్చింది.

అయినా ఆ సంస్థ తర్వాత ఏం చేసిందో చెప్పకపోతే ఈ సీడీలకు ఉన్న విలువ పూర్తిగా తెలియదు. ‘రైచస్ బేబ్’కు చాలాకాలం ఒక టోల్‌ఫ్రీ ఫోన్ నంబరు ఉండేది. దాని అంకెలను అక్షరాలుగా చదివితే ‘తన కాళ్ల మీద తాను’ అనే అర్థమొచ్చే ఇంగ్లీషు మాటలు వచ్చేవి. ఆ నంబరుకు ఫోన్ చేసి జనం క్యాసెట్లూ సీడీలూ తెప్పించుకునేవారు. డిఫ్రాంకో మీద 2024లో వచ్చిన డాక్యుమెంటరీకి ఆ నంబరే పేరు అయింది. న్యూయార్క్ నగరానికో లాస్ ఏంజెలెస్‌కో మారిపోకుండా ఆ సంస్థ బఫలోలోనే కుదురుకుంది. డెలవేర్ అవెన్యూలో కూలిపోవడానికి సిద్ధంగా ఉన్న పంతొమ్మిదో శతాబ్దపు మెథడిస్ట్ చర్చి భవనాన్ని డిఫ్రాంకో, ఆమె మేనేజర్ స్కాట్ ఫిషర్ కలిసి బాగుచేయించారు. ఇప్పుడు ‘బేబ్‌విల్’ అని పిలిచే ఆ భవనంలో కచేరీ హాలూ, ‘హాల్‌వాల్స్’ అనే సమకాలీన కళాకేంద్రమూ ఉన్నాయి. పై చదువులకు బఫలో విశ్వవిద్యాలయానికి వెళ్లే తెలుగు విద్యార్థులు చలికాలపు సెలవుల్లో నయాగరా ఒక్కటే చూసి తిరిగి రాకుండా ఆ హాలులో ఒక కచేరీ విని రావాలని నా కోరిక.

ఈ సంస్థ ఆమె పాటలకే పరిమితం కాలేదు. తనకు కవిత్వం నేర్పిన సెకూ సుండియాటా రికార్డును ఆమె తన సంస్థ నుంచి తెచ్చారు. కార్మికోద్యమాల కథలు చెప్పే వృద్ధ జానపద గాయకుడు యూటా ఫిలిప్స్ కచేరీ కథనాలను తీసుకుని, వాటికి తన బాణీలు జోడించి 1996లో ఒక ఆల్బమ్ చేశారు, దాని తర్వాత 1999లో మరొకటి. వయొలిన్ వాయిస్తూ పాడే ఆండ్రూ బర్డ్ రికార్డులు కొన్ని ఇక్కడినుంచే వచ్చాయి. వీటన్నిటిలో దూరం ప్రయాణించింది అనాయిస్ మిచెల్ రాసిన ‘హేడీస్‌టౌన్’. గ్రీకు పురాణ కథను గేయరూపంలో చెప్పే ఈ రచన 2010లో ‘రైచస్ బేబ్’ నుంచి ఆల్బమ్‌గా వచ్చినప్పుడు పాతాళపు రాణి పెర్సెఫనీ పాత్రను డిఫ్రాంకోనే పాడారు. అదే రచన న్యూయార్క్‌లోని పేరొందిన నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో నాటకమై 2019లో ఉత్తమ సంగీత నాటకంగా టోనీ పురస్కారం గెలుచుకుంది. 2024లో డిఫ్రాంకో స్వయంగా బ్రాడ్‌వే వేదిక ఎక్కి అదే పాత్రను నటించారు. లాభం తెస్తుందో లేదో తెలియని ఒక యువ రచయిత్రి పనిని ఆల్బమ్‌గా తేవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేని స్థితిలో ఉండటం వల్లే ఇది సాధ్యమైంది.

స్వతంత్రంగా నడవడంలోని బరువు కూడా ఆమె మీదే పడింది. 2013లో ఆమె పాటల శిబిరానికి లూయిజియానాలోని నాటోవే అనే, ఒకప్పుడు బానిసలతో పని చేయించిన తోటలోని పాత భవనాన్ని వేదికగా ప్రకటించినప్పుడు, నల్లజాతి శ్రోతలూ మరెందరో తీవ్రంగా నిరసన తెలిపారు. శిబిరం రద్దుచేస్తూ ఆమె ఇచ్చిన మొదటి వివరణ మరింత విమర్శ తెచ్చింది, ఆ తర్వాత ఆమె విడిగా క్షమాపణ చెప్పారు. నిందను పంచుకోవడానికి అక్కడ వేరే కంపెనీ ఏదీ లేదు. అభిమానులు దీన్ని దాటేసి మాట్లాడటం నాకు నచ్చదు. న్యాయం గురించి ఇన్ని పాటలు రాసిన మనిషిని ఆ పాటల కొలతతోనే చూడాలని అడిగే హక్కు శ్రోతలకు ఉంది.

మన దగ్గర పాట అనగానే సినిమా గుర్తొస్తుంది. బాణీ ఒకరిది, సాహిత్యం ఒకరిది, గొంతు ఇంకొకరిది, హక్కులు చాలాసార్లు ఆడియో కంపెనీవి. ఈ మధ్య యూట్యూబులో సొంత పాటలు పెట్టుకుంటున్న తెలంగాణ, ఆంధ్ర యువతీయువకులు పెరుగుతున్నారు. మాటా బాణీ గొంతూ ఒకే మనిషివైతే పాట ఎలా ఉంటుందో, దాని మీద హక్కు కూడా ఆ మనిషికే మిగిలితే అది ఎంతకాలం నిలుస్తుందో ఆలోచిస్తున్నవారు ఈ సీడీలను ప్రత్యేకంగా వినాలి. గిటార్ నేర్చుకుంటున్నవారు కుడిచేతి పని కోసమే వినవచ్చు.

కొనేవారికి కొన్ని సూచనలు. సీడీల రూపంలో దొరికితే ఆ రూపంలోనే తీసుకోవడం మంచిది, లోపలి పుస్తకంలోని ఫొటోలు ఆ తిరుగుడు రోజులను చూపిస్తాయి. ‘రైచస్ బేబ్’ ఆన్‌లైన్ దుకాణంలో కొంటే డబ్బు నేరుగా ఆ సంస్థకు చేరుతుంది. స్ట్రీమింగులో వినేవారు పాటలను కలిపేసి వినిపించే షఫుల్ పద్ధతిని ఆపేయాలి, లేకపోతే ముచ్చట్లు ఒకచోట, అవి దారితీసిన పాటలు మరోచోట పడి అర్థం లేకుండా పోతాయి. రెండు గంటలు ఒకేసారి వినడం కష్టమనుకుంటే మొదటి రోజు ఒక సీడీ, మరుసటి రోజు రెండోది వినండి. అంత తీరిక కూడా లేనివారు ‘షై’, ‘జాయ్‌ఫుల్ గర్ల్’, ‘గ్రావెల్’, ‘నెపోలియన్’, ‘అన్‌టచబుల్ ఫేస్’ విని, ఆ తర్వాత 1990 నాటి తొలి ఆల్బమ్‌లోని ‘బోత్ హ్యాండ్స్’నూ ఇక్కడ ఆర్కెస్ట్రాతో పాడిన ‘బోత్ హ్యాండ్స్’నూ వెంటవెంటనే వినాలి. అవి నచ్చినవారు స్టూడియో ఆల్బమ్‌లలో ముందు ‘డైలేట్’నూ, ఆ తర్వాత ‘నాట్ ఎ ప్రెటీ గర్ల్’నూ తీసుకోవచ్చు.